తోటకు చీపురెందుకు?

తొలకరి చినుకులు పడగానే చేల గట్ల మీద, తోటల్లో, ఎర్రని మఖమలు గుడ్డతో కుట్టినట్టుండే చిన్న పురుగులు కనిపిస్తాయి. ఆరుద్ర కార్తెలో కనిపిస్తాయి కనుక పెద్దలు వాటిని ఆరుద్ర పురుగులన్నారు. మీలో చాలామంది వాటిని అరచేతిలో వేసుకుని, ముట్టుకోగానే కాళ్లు ముడుచుకోవడం చూసి ముచ్చటపడి ఉంటారు. అగ్గిపెట్టెలో పెట్టి బడికి తెచ్చినవాళ్లు కూడా ఉంటారు. అయితే ఒక్క ప్రశ్న. ఆ కొద్ది రోజులు తప్ప ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఆ పురుగు ఎక్కడ ఉంటుంది?

మట్టిలో ఉంటుంది. దాని కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటాయి. అంటే అది కీటకం కాదు, సాలీడుకు, తేలుకు దగ్గరి చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు మిడతల వంటి కీటకాలను అంటిపెట్టుకుని బతుకుతుంది. పెద్దయ్యాక నేలలో తిరుగుతూ పురుగుల గుడ్లను వెతికి తింటుంది. మన కంటికి కనిపించేది దాని పండుగ రోజులు మాత్రమే. దాని సంసారమంతా నేల లోపల.

ఇటువంటి సంసారాలు మట్టిలో కోట్లకొద్దీ ఉన్నాయి. మామిడి తోట గాని, బత్తాయి తోట గాని, నిమ్మ తోట గాని ఆ సంసారాల మీద నిలబడి ఉంది. ఈ సంగతి మరచిపోయి మనం తోట నేలను ఇంటి ముంగిలిలాగా చూస్తున్నామని నా అభిప్రాయం. ఆకు కనిపిస్తే ఊడుస్తాం. గడ్డి కనిపిస్తే దున్నుతాం. దున్నడం కుదరకపోతే గడ్డిమందు కొడతాం. ఊడ్చిన ఆకును కుప్ప పోసి అంటిస్తాం. అద్దంలాంటి నేల, దాని మీద వరుసగా చెట్లు కనిపిస్తే, “ఆహా, ఎంత శ్రద్ధగల రైతు!” అంటాం. ఈ మెచ్చుకోలు సరైనది కాదని ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. నా మాట ఊరికే నమ్మకండి. కారణాలు వినండి. చివర కొన్ని పరీక్షలు కూడా చెబుతాను, మీరే చేసి చూసుకోండి.

మట్టిలో ఎవరున్నారు?

సారవంతమైన మట్టిని ఒక్క గ్రాము, అంటే చిటికెడంత, తీసుకుంటే అందులో 100 కోట్ల దాకా బాక్టీరియాలు ఉండవచ్చు. వాటితోపాటు బూజు జాతికి చెందిన శిలీంధ్రాలు దారపు పోగుల్లాగా అల్లుకుని ఉంటాయి. వీటిని తినే ఏకకణ జీవులు, వెంట్రుకకన్నా సన్నని నులిపురుగులు, తోకతో టపీమని ఎగిరి దూకే స్ప్రింగ్‌టెయిల్ అనే రవ్వంత జీవులు, మైట్లు, ఆ పైన చీమలు, చెదలు, జెర్రులు, రోకలిబండలు, పేడపురుగులు, వానపాములు. భూమి మీది జీవజాతుల్లో సగానికి పైగా మట్టితో ముడిపడి బతుకుతున్నాయని 2023లో వెలువడిన ఒక అంచనా చెబుతున్నది. అడవుల్లో, సముద్రాల్లో ఉన్న జీవులను చూసి ఆశ్చర్యపోతాం. కాని మన అరికాలి కింద ఉన్నవారిని పలకరించం!

వీరందరికీ తలా ఒక పని ఉంది. మామిడాకు నేల రాలిందనుకోండి. తోలులా మందంగా ఉండే ఆకు అది, తొందరగా కుళ్లదు. మొదట చెదలు, రోకలిబండలు దాన్ని కొరికి ముక్కలు చేస్తాయి. ముక్కల మీద శిలీంధ్రాలు పాకుతాయి. స్ప్రింగ్‌టెయిళ్లు, మైట్లు ఆ శిలీంధ్రాలను, ఆకు తునకలను మేస్తాయి. వాటి రెట్టను బాక్టీరియాలు ఇంకా చిన్న పదార్థాలుగా విడగొడతాయి. బాక్టీరియాలను నులిపురుగులు తింటాయి. తిన్నదాంట్లో తమకు ఎక్కువైన నత్రజనిని బయటికి వదులుతాయి. ఆ నత్రజనిని చెట్టు వేరు పీల్చుకుంటుంది. నిరుడు రాలిన ఆకు ఇలా కొంతకాలానికి మళ్లీ చిగురవుతుంది. ఎరువుల కొట్టుకు పోకుండానే జరిగే వ్యవహారం ఇది.

నులిపురుగులంటే అన్నీ చెడ్డవనుకోకండి. నిమ్మ, బత్తాయి వేళ్లను పట్టి పీల్చి చెట్టును మెల్లమెల్లగా క్షీణింపజేసే నులిపురుగు ఒకటి ఉన్న మాట నిజమే. అయితే ఆ నులిపురుగులను పట్టి తినే నులిపురుగులు కూడా ఉన్నాయి. వాటిని ఉచ్చు వేసి పట్టే శిలీంధ్రాలు కూడా ఉన్నాయి! నేలలో అందరూ ఉన్నప్పుడు ఒకరు మితిమీరి పెరగడం కష్టం. అందరినీ తరిమేస్తే, ముందుగా తిరిగి వచ్చేది దొంగే.

డార్విన్ సున్నపురాయి

పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ పేరు మీకు తెలుసు. ఆయన బతికుండగా ప్రచురించిన చివరి పుస్తకం దేని గురించో తెలుసా? వానపాముల గురించి. అది 1881లో వచ్చింది. 1842 డిసెంబరులో ఆయన తన ఇంటి దగ్గరి పచ్చిక బయలులో విరిగిన సుద్ద ముక్కలు పరిపించాడు. 29 ఏళ్లు ఓపిక పట్టి, 1871లో అక్కడ గుంట తవ్వించి చూశాడు. ఆ తెల్లని ముక్కలు 7 అంగుళాల లోతున వరుసగా కనిపించాయి. వాటిని ఎవరూ పాతిపెట్టలేదు. వానపాములు కింది మట్టిని మింగి, పైకి తెచ్చి విసర్జించగా, ఆ మట్టి పొరలు పొరలుగా పైన చేరింది. ఇంగ్లండులో చాలాచోట్ల వానపాములు ఏటా ఎకరానికి 10 టన్నులకు పైగా మట్టిని ఇలా పైకి తెస్తున్నాయని ఆయన లెక్క కట్టాడు. నాగలి పుట్టకముందే భూమిని వానపాములు దున్నుతూ ఉన్నాయని ఆయన అభిప్రాయం.

నాగలికీ వానపాముకూ ఒక తేడా ఉంది. నాగలి మట్టిని తిరగవేస్తుంది కాని నిలిచే దారి వేయదు. వానపాము బొరియ వేస్తుంది. ఆ బొరియలో వాన నీరు దిగుతుంది, గాలి దిగుతుంది, వేరు దిగుతుంది. మన ఎండాకాలంలో వానపాము లోతుకు పోయి ముడివేసుకుని నిద్రపోతుంది. వానలు రాగానే మేలుకుని పైకి వస్తుంది. అప్పుడు దానికి కావలసినవి రెండే: తడి, తిండి. తిండి అంటే రాలిన ఆకు. మనం ఊడ్చి తగలబెట్టింది సరిగ్గా అదే!

ఆపిల్ తోటలో జరిగిన తమాషా

1885లో రెండు విశేషాలు జరిగాయి. ఫ్రాన్సులో మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు మైలుతుత్తం, సున్నం కలిపిన మందు ద్రాక్ష తెగులును అణచగలదని ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. నేటికీ మన బత్తాయి రైతులు బంక తెగులు వచ్చినప్పుడు చెట్టు మొదలుకు పూసే బోర్డో పేస్టు దాని తమ్ముడే. ఆ మిశ్రమం వల్ల లోకానికి ఎంతో మేలు జరిగింది. రెండో విశేషం గురించి కాస్త ఆగి చెబుతాను.

మైలుతుత్తంలో ఉన్నది రాగి. రాగి లోహం. అది ఆకులాగా కుళ్లదు, ఎండకు విరిగిపోదు. ఏటా చల్లుతూ పోతే నేల పై పొరలో పేరుకుంటుంది. ఇంగ్లండు ఆపిల్ తోటల్లో వానపాముల పనిని రా అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1962లో ఫలితాలు ప్రకటించాడు. వానపాములు బాగా ఉన్న తోటలో శరత్కాలంలో రాలిన ఆకుల్లో నూటికి 90కి పైగా చలికాలం ముగిసేలోగా అవి బొరియల్లోకి లాక్కుపోయాయి. ఏళ్ల తరబడి రాగి మందు ఎక్కువగా చల్లిన తోటల్లోనో, వానపాములు నశించాయి. అక్కడ ఆకులు, ఎండుగడ్డి కుళ్లకుండా చాపలాగా నేల మీద పేరుకుపోయాయి.

ఇందులోని తమాషా ఏమిటంటే, ఆపిల్‌కు వచ్చే ముఖ్యమైన తెగుళ్లలో స్కాబ్ అనే మచ్చతెగులు ఒకటి. ఆ తెగులు కలిగించే శిలీంధ్రం చలికాలమంతా రాలిన ఆకుల్లోనే దాగి ఉండి, వసంతంలో కొత్త చిగురు మీదికి ఎగురుతుంది. వానపాము ఆకును భూమిలోకి లాక్కుపోయి తినేస్తే తెగులు కూడా దానితో పోతుంది. అంటే, తెగులుకు చల్లిన మందు, ఆ తెగులును కూలి అడగకుండా ఊడ్చిపెట్టే పనివాణ్ణే చంపివేసింది! మందు వద్దని నేను అనడం లేదు. అవసరమైనచోట, అవసరమైనంత వాడవలసిందే. కాని నేల మీద పడ్డ ప్రతి చుక్క ఎవరి ఇంటి మీద పడుతున్నదో తెలుసుకుని వాడాలి.

వేరుకు చెయ్యందించే స్నేహితుడు

ఇక రెండో విశేషం. అదే 1885లో జర్మనీలో ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అడవి చెట్ల వేళ్లను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, వాటిని శిలీంధ్రాలు అల్లుకుని ఉన్నాయనీ, అవి చెట్టుకు హాని చేయడం లేదనీ, సాయపడుతున్నాయనీ చెప్పాడు. ఆ జంటకు ఆయన ‘మైకోరైజా’ అని పేరు పెట్టాడు. ‘శిలీంధ్ర మూలం’ అని అర్థం. చాలామంది అప్పుడు నమ్మలేదు. శిలీంధ్రమంటే తెగులేనని అందరి నమ్మకం.

మామిడికి, నిమ్మజాతికి ఈ స్నేహం చాలా ముఖ్యం. వాటి వేళ్లలో ఉండే శిలీంధ్రాలు అడవి చెట్లవాటికన్నా వేరు రకం, వేరు కణాల లోపలికే పోతాయి. వాటి సన్నని పోగులు వేరు అందుకోలేని చోటికి పాకి భాస్వరాన్ని తెచ్చి ఇస్తాయి. బదులుగా చెట్టు తాను ఎండలో వండుకున్న చక్కెరలో కొంత వాటికి పెడుతుంది. అమెరికాలోని కొన్ని నారుమళ్లలో రోగాలు రాకుండా విషవాయువులతో మట్టిని శుద్ధి చేసి, అందులో నిమ్మజాతి మొక్కలు పెంచారు. రోగక్రిములు చచ్చాయి. కాని మొక్కలు గిడసబారిపోయాయి! కారణం ఏమిటని వెతికిన క్లైన్‌ష్మిట్, గెర్డెమన్ అనే శాస్త్రజ్ఞులు 1972లో అసలు సంగతి బయటపెట్టారు. శుద్ధి చేసినప్పుడు రోగక్రిములతోపాటు ఈ స్నేహితుడు కూడా చచ్చిపోయాడు. ఆ శిలీంధ్రాన్ని తిరిగి మట్టిలో కలిపితే మొక్కలు మామూలుగా పెరిగాయి. ‘శుభ్రమైన’ మట్టి అంటే మంచి మట్టి అని ఎంతమాత్రం కాదన్నమాట.

మనవాళ్లు మట్టికి విషవాయువు పట్టించరు. నిజమే. కాని ట్రాక్టరుకు రోటవేటరు తగిలించి ఏటా మూడు నాలుగుసార్లు తోట మధ్య తిప్పితే ఆ సన్నని పోగుల గతి ఏమిటి? సాలెగూటిని కర్రతో కెలికినట్టే.

దున్నితే ఏమవుతుంది?

పిల్లలూ, నిమ్మ, బత్తాయి చెట్లకు ఆహారం తీసుకునే సన్నవేళ్లు చాలావరకు పై అడుగు, రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. మామిడికి తల్లివేరు లోతుకు పోయినా, పోషకాలు పీల్చే పీచువేళ్లు పైపొరలోనే ఎక్కువ. లోతుగా దున్నితే ఆ వేళ్లు తెగుతాయి. తెగిన చోటు గాయం. ఆ గాయం గుండా వేరుకుళ్లు కలిగించే శిలీంధ్రాలు లోపలికి దూరతాయి. బత్తాయి తోటను లోతుగా దున్నవద్దని ఉద్యాన శాఖవారు చెప్పేది అందుకే.

రెండో నష్టం కంటికి కనిపించదు. దున్నినప్పుడు మట్టిలోకి ఒక్కసారిగా గాలి చొరబడుతుంది. పొయ్యి ఊదితే మంట లేచినట్టుగా, సూక్ష్మజీవులు అక్కడ నిలవ ఉన్న సేంద్రియ పదార్థాన్ని గబగబా తినివేస్తాయి. అందులోని కర్బనం బొగ్గుపులుసు వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. దున్నిన కొత్తలో చెట్టు పచ్చబడినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆ తొందరలో కొంత నత్రజని కూడా విడుదలవుతుంది. కాని అది వడ్డీ కాదు, అసలులోంచి తీసిన సొమ్ము.

మీ ఇంట్లో భూమి ఉంటే నాన్నగారిని అడిగి ‘సాయిల్ హెల్త్ కార్డు’ చూడండి. 2015లో మొదలైన పథకం కింద రైతులకు ఇచ్చారు. అందులో ‘సేంద్రియ కర్బనం’ అన్న గడి ఉంటుంది. ఆ అంకె 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే ‘తక్కువ’ అనీ, 0.75 దాటితే ‘ఎక్కువ’ అనీ లెక్క. మన ఎర్ర నేలల్లో చాలాచోట్ల అది ‘తక్కువ’ గడిలోనే ఉంటుంది. అసలే పేదింటి పొయ్యి. దాన్ని ఇంకా ఊదడమెందుకు?

మూడోది వాన దెబ్బ. పెద్ద వాన చినుకు గంటకు 30 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలను తాకుతుంది. మీరు సైకిలు ఎంత గట్టిగా తొక్కినా ఆ వేగం అందుకోవడం కష్టం. ఆకు మీదనో గడ్డి మీదనో పడితే ఆ దెబ్బ అక్కడే చల్లారుతుంది. బోసి నేల మీద పడితే మట్టిగడ్డ పగిలి పొడి అవుతుంది. ఆ పొడి నేల రంధ్రాలను పూడ్చివేస్తుంది. ఎండగానే పెచ్చు కడుతుంది. తరవాతి వాన నీరు ఇంకక, పై మట్టిని వెంటబెట్టుకుని వాగులోకి పోతుంది. ఒక్క సెంటీమీటరు మందం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. పోవడానికి రెండు గట్టి వానలు చాలు.

గడ్డిమందు మాటేమిటి? అది నాగలిలాగా వేళ్లను కోయదు, నిజమే. కాని నేల బోసిగానే మిగులుతుంది. మట్టిలోని జీవులకు తిండి ఎక్కడి నుంచి వస్తుంది? ఆకుల నుంచి, బతికున్న వేళ్లు విడిచే చక్కెరల నుంచి. ఏడాది పొడుగునా గడ్డి లేని నేల అంటే వంట చేయని ఇల్లు. అక్కడ పిల్లికి కూడా పని ఉండదు.

ఆకు తగలబెట్టడం మరీ అన్యాయం. మంటలో కర్బనం, నత్రజని పొగై పోతాయి. బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి కాని మొదటి వానకే కొట్టుకుపోవచ్చు. ఒక చేత్తో నత్రజనిని తగలబెట్టి, మరో చేత్తో యూరియా బస్తా మోసుకురావడం ఏ లెక్కకు వస్తుంది?

రైతు మాట కూడా వినాలి

ఇంతవరకూ చదివి, “మాస్టారికేం, బల్ల దగ్గర కూర్చుని రాస్తారు. తోట చేసేవాడికి తెలుస్తుంది బాధ” అని మీ తాత అంటే ఆ మాట కొట్టిపారేయవలసింది కాదు. రైతులు చెప్పే అభ్యంతరాల్లో నిజముంది.

గడ్డి నీళ్లు తాగుతుంది, ఎరువు తింటుంది అంటారు. నిజమే. ముఖ్యంగా చెట్లు చిన్నవిగా ఉన్న మొదటి మూడు నాలుగేళ్లు పాదులో గడ్డి ఉండకూడదు. పెద్ద చెట్టుకైనా పాదును చేత్తో కలుపు తీసి, దాని మీద ఎండుటాకు పరచడమే మంచిది. ఆకు పరిచిన పాదు తొందరగా ఎండదు. సాళ్ల మధ్య మాత్రం వానకాలంలో పచ్చదనం ఉండనివ్వాలి. అది వాన నీటిని ఇంకిస్తుంది. వానలు వెనకబట్టగానే కోసి పరిస్తే, నీళ్లు తాగే గడ్డే నీళ్లు కాపాడే కప్పు అవుతుంది.

పాములు చేరతాయి అంటారు. అదీ నిజమే, నడిచే దారిని, బోరు దగ్గరి చోటును కోసి ఉంచుకోవలసిందే. ఎండాకాలంలో నిప్పంటుకుంటుంది అంటారు. ఇది చాలా ముఖ్యమైన మాట. తోట చుట్టూ కొంత వెడల్పున ఎండుగడ్డి లేకుండా చేసి, నిప్పు దాటని గీత ఉంచాలి.

పండు ఈగ సంగతి మరొకటి. ఈ ఈగ మామిడిపండులో గుడ్లు పెడుతుంది. పురుగు పండును తిని నేలలోకి దిగి, అక్కడ ప్యూపాగా మారుతుంది. చెట్ల కింద దున్నితే ఆ ప్యూపాలు ఎండకు, పిట్టలకు దొరుకుతాయని రైతులు అంటారు. అందులో శాస్త్రం ఉంది. కాని దానికి చెట్టు నీడ మేరకు పైపైన కెలికితే చాలు, తోటంతా జానెడు లోతున తిప్పనక్కరలేదు. అంతకన్నా ముఖ్యం, రాలిన పుచ్చుపండ్లను ఏరి దూరంగా పాతిపెట్టడం. రాలిన ఆకు వేరు, రాలిన పండు వేరు. ఆకును ఉంచండి, పుచ్చుపండును ఏరండి. ఎండిన, తెగులు పట్టిన కొమ్మలను కోసి తీసివేయండి. ఇక నేలలో చీమలు, పెంకుపురుగులు, సాలీళ్లు బాగా ఉంటే, ఆ ప్యూపాలను అవి కూడా తింటాయి.

నేలను జపానులో ఒక రైతు చూసిన తీరు ఇక్కడ చెప్పాలి. ఆయన పేరు మసనోబు ఫుకువోకా. శాస్త్రజ్ఞుడిగా చేస్తున్న ఉద్యోగం మానుకుని తండ్రిగారి నారింజ తోటకు వచ్చాడు. ప్రకృతికే వదిలేద్దామని కొమ్మలు కత్తిరించడం కూడా ఒక్కసారిగా మానేశాడు. కొమ్మలు చిక్కులు పడి, పురుగు పట్టి చాలా చెట్లు చచ్చిపోయాయి. అప్పుడు ఆయనకు తెలిసింది, ప్రకృతి వ్యవసాయం వేరు, విడిచిపెట్టడం వేరు అని. తరవాత ఆయన ఆ కొండవాలు నేలలో క్లోవర్ అనే పప్పుజాతి పచ్చికను పెంచాడు. దున్నకుండానే, ఏళ్లు గడిచేకొద్దీ, గట్టి ఎర్రమట్టిని గుల్లగా మార్చుకున్నాడు. 1988లో ఆయనకు మాగ్సేసే పురస్కారం వచ్చింది. నాకు నచ్చినది ఆయన గెలుపు మాత్రమే కాదు. మొదటి ఓటమి నుంచి నేర్చుకున్న పాఠం. నేలను వదిలేయమని ఎవరూ చెప్పడం లేదు. చీపురు వదిలి బుద్ధి ఉపయోగించమంటున్నాం.

అయితే ఏం చేయాలి?

మన పెద్దలకు పచ్చిరొట్ట ఎరువు కొత్తది కాదు. జూన్, జూలైలలో తొలి వానలకు సాళ్ల మధ్య జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద, ఉలవ వంటివి చల్లవచ్చు. ఇవి పప్పుజాతి మొక్కలు. వీటి వేరుబుడిపెల్లోని బాక్టీరియాలు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. పూతకు రాగానే కోసి, అక్కడే పరచాలి. కలపాలనుకుంటే పైపైన కలిపితే చాలు. గట్ల మీద గిరిపుష్పం పెంచితే దాని రొట్ట ఏడాదికి రెండు మూడుసార్లు పాదుల్లో పరచవచ్చు. వానలు తగ్గాక కప్పు ఎండి నేల మీద పడుకుంటుంది. పూతకు ముందు మామిడికి ఎలాగూ ఎక్కువ నీళ్లు అక్కరలేదు కనుక, ఆ కాలంలో పోటీ భయమూ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో, నేల ఏడాదిలో 365 రోజులూ ఏదో ఒక పచ్చదనంతోనో కప్పుతోనో ఉండాలన్నది ముఖ్యమైన సూత్రం. తొలకరికి ముందే నవధాన్యాలు కలిపి చల్లే పద్ధతిని వారు రైతులకు నేర్పుతున్నారు. ఈ కార్యక్రమంలోని అన్ని విషయాల మీదా అందరికీ ఒకే అభిప్రాయం ఉండనక్కరలేదు. కాని బోసి నేల కన్నా కప్పిన నేల మేలన్న మాటలో వాదానికి తావు తక్కువ.

మీరే పరీక్షించండి

ఒకటి: ఊడ్చి దున్నిన చోటు నుంచి ఒక మట్టిగడ్డ, ఏళ్లుగా ఆకు రాలి ఉన్న చోటు నుంచి ఒక మట్టిగడ్డ, నిమ్మకాయంతవి తీసుకోండి. రెండూ ఒకే రకం నేలవి కావాలి. బాగా ఎండబెట్టి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా దించండి. ఏది ముందు కరిగి బురద అవుతుందో, ఏది నిలుస్తుందో చూడండి. జీవులున్న మట్టిని శిలీంధ్రాల పోగులు, బాక్టీరియాల జిగురు పట్టి ఉంచుతాయి.

రెండు: రెండువైపులా మూతలు తీసిన ఒక డబ్బాను నేలలో రెండంగుళాలు దిగగొట్టి, లీటరు నీళ్లు పోసి, ఇంకడానికి ఎంత సేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. చెట్టు కింద ఆకు ఉన్నచోట, బోసిగా ఉన్నచోట వేరు వేరుగా చేయండి. ఒక్కసారి చేసి తీర్పు చెప్పకండి, ఒక్కోచోట మూడుసార్లు చేసి సగటు తీయండి.

మూడు: ఇటలీ శాస్త్రజ్ఞుడు బెర్లేసే 1905లో తెలిపిన పరికరాన్ని మీరు ప్లాస్టిక్ సీసాతో చేసుకోవచ్చు. సీసా పైభాగం కోసి గరాటులాగా బోర్లించండి. మూతి దగ్గర దోమతెర ముక్క పెట్టి, దాని మీద ఆకులతో ఉన్న మట్టి పోయండి. కింద తడి దూది వేసిన గిన్నె ఉంచండి. పైన కాస్త ఎత్తులో, పెద్దవారి సాయంతో, వేడిచ్చే పాతరకం బల్బు వెలిగించండి. కరెంటు లేకపోతే ఎండలో పెట్టండి. వేడికి, వెలుగుకు భయపడి చిన్న జీవులు కిందికి దిగి గిన్నెలో పడతాయి. భూతద్దంతో చూసి, ఎన్ని రకాలో లెక్కపెట్టి, తిరిగి వాటిని మట్టిలోనే వదిలిపెట్టండి.

నాలుగు: రెండు తెల్లని నూలుగుడ్డ ముక్కలను వానకాలంలో రెండు చోట్ల అరచెయ్యి లోతున పాతి, గుర్తు పెట్టి, రెండు నెలలకు తీయండి. ఏది ఎక్కువ చిరిగి శిథిలమైతే అక్కడ జీవులు ఎక్కువ పని చేస్తున్నట్టు. చిరిగిన గుడ్డను చూసి సంతోషించే పరీక్ష ఇదొక్కటే!

మీరు చేయగలిగింది

తోటలున్న ఇళ్ల పిల్లలకు ఒక మాట. ఇంటికి పోయి తాతతో, నాన్నతో వాదానికి దిగకండి. ఎకరాల తోట మీద వచ్చే పంటతోనే వారి అప్పులు తీరాలి, మీ చదువులు సాగాలి. “ఒక్క సాలు నాకివ్వండి” అని అడగండి. ఆ సాలులో ఆకు ఊడ్వకుండా, లోతుగా దున్నకుండా, జనుము చల్లి కోసి పరచి, పైన చెప్పిన పరీక్షలు ఏటా చేసి నోటుపుస్తకంలో రాయండి. నేల ఒక్క ఏడాదిలో మారదు. మీరు తొమ్మిదో తరగతిలో మొదలుపెడితే, ఇంటరు ముగిసేనాటికి మీ దగ్గర చూపించదగ్గ లెక్క ఉంటుంది. రైతు మాటలకు లొంగడు. పక్క సాలును చూస్తే ఆలోచిస్తాడు.

తోటలు లేనివారికి బడి ఉంది. ప్రతి బడి ఆవరణలో ఒక వేపచెట్టో, కానుగచెట్టో ఉంటుంది. శ్రమదానం పేరుతో మనం పిల్లలచేత ఆ చెట్ల కింద ఆకులన్నీ ఊడిపించి, మూలకు చేర్చి అగ్గి పెట్టిస్తాం. దానికి ‘పరిశుభ్రత’ అని మార్కులు కూడా వేస్తాం. వరండాలు ఊడవండి, తరగతి గదులు ఊడవండి, కాగితాలు, ప్లాస్టిక్ సంచులు ఏరిపారేయండి. అది పరిశుభ్రత. ఆకు చెత్త కాదు. అది చెట్టు తన నేలకు తిరిగి చెల్లిస్తున్న బాకీ. ఆ బాకీ దారిలో లాక్కునే హక్కు మనకు లేదు.

వచ్చే తొలకరికి మీ తోటలోనో, బడి వెనకాలనో, ఆకు కుళ్లిన చోట ఎన్ని ఆరుద్ర పురుగులు పైకి వచ్చాయో, ఊడ్చిన చోట ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి మీ సైన్సు మాస్టారికి చెప్పండి. ఆ అంకెలు రెండూ పక్కపక్కన నల్లబల్ల మీద రాసి, తరగతి అంతా కలిసి చర్చించండి.